సినిమాలో రాని అవ్వ

కణ్ణుల్లారా, మొన్న మీరు ఫోన్లో పంపిన పాత సినిమాను కూచోని కడాదాకా చూస్తిని. "అవ్వా, మీ కోయంబత్తూరులో తీసిన సినిమా, శానా బాగుండాది కదా!" అని కింద రాసి పంపినారు. బాగలేదు. అప్పుడూ బాగలేదు, ఇప్పుడూ బాగలేదు. మీరు ఆశగా పంపినారని పొగుడుదామంటే నాకు నోరు రావడం లేదు. ఎందుకు బాగలేదో చెప్తాను, వినండి. నేను చెప్తా పోతాను, మీ అత్త రాసి పంపుతుంది. నాకు చదువూ రాతా అంతా తమిళంలోనే. తెలుగు నోటికి మాత్రమే.

పీలమేడు మిల్లులో నేను వైండింగ్‌లో పని చేస్తిని. చిన్న చిన్న బాబిన్లలో వచ్చే నూలును పెద్ద కోనుకు ఎక్కించేది మా పని. దారం తెగితే పట్టి ముడేయాల, బాబిన్ అయిపోతే ఇంకోటి పెట్టాల. చెప్పేదానికి ఇంతే. కానీ ఆ సద్దు! గోడకు అవతల మగ్గాలు, ఇవతల మా మెషిన్లు. పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. కొత్తగా చేరినోళ్ళు చెవిలో పత్తి పెట్టుకొని ఏడుస్తారు. పోను పోను అలవాటయిపోతుంది. అలవాటంటే ఇంకేం లేదు, చెవి కొంచెం కొంచెంగా పోతుంది.

అందుకని మాకు ఒక మాట ఉండె, గొంతు లేని మాట. నోరు పెద్దగా తెరిచి, పెదవులు బాగా కదిలించి, కొంచెం చేయి కలిపి మాట్లాడేది. మీసం దువ్వినట్టు చేస్తే మేస్త్రీ వస్తుండాడని అర్థం. పిడికిలి నోటి దగ్గర పెడితే సంగు ఊదే టైము అయిందని. మిల్లు సైరన్‌ను మేము సంగు అనేది. కడుపు మీద చేయి పెట్టి తల ఒక పక్కకు వంచితే ఎవురికో నెల తప్పిందని. ఆ కొసన ఒకామె నోరు కదిలిస్తే, కోను నిండేలోపల సంగతి ఈ కొసకు వచ్చేసేది. తమిళ ఆడోళ్ళతో తమిళం, మనవాళ్ళతో తెలుగు. పెదవి చూస్తానే ఏ భాషో తెలిసిపోయేది. మీరు వీడియోలో మాట్లాడతా మాట్లాడతా ఆ తట్టు తిరిగితే నేను కోపం చేసుకుంటాను కదా, అది ఆ అలవాటే.

నా ఎదురు మెషిన్‌లో ఒక అక్క ఉండె. మదురై తట్టు మనిషి. ఆడ మిల్లులో చిన్నప్పుడే చేరింది, పెళ్ళయి ఈడకు వచ్చింది, మొగుడు పోయినాక తన కూలితోనే బిడ్డల్ని సాకుతా ఉండె. ఆమె తెలుగు విని మేము నవ్వేది, మా తెలుగు విని ఆమె నవ్వేది. "మీ కోయంబత్తూరోళ్ళు తెలుగులో చక్కెర వేసుకొని తాగుతారే" అని ఎగతాళి చేసేది.

నాకు పరిచయం అయ్యేటప్పటికే ఆమెకు ఒక చెవి వినపడదు. తర్వాత రెండోదీ పోయె. ఇది మా లైన్లో ఆడోళ్ళకందరికీ తెలుసు, మేస్త్రీకి తెలియదు. తెలియకూడదు. ముందు ఒకామెకు చెవుడని తెలిసి, మెషిన్లను తిప్పే బెల్టు దగ్గర ఆపద అని చెప్పి పనిలోనించి పంపేసినారు. అందుకని మేస్త్రీ వెనక నించి వచ్చి అక్కను పిలిస్తే, ఎదురుగా ఉండే నేను గడ్డం కొంచెం ఎత్తేది. ఆమె అది చూసి, వినపడినట్టే టక్కున తిరిగేది. శానా కాలం అట్లే నడిచె. ఆమె కన్ను నా మీద ఉన్నంత సేపు ఆమె పనికి భయం లేదు.

అప్పుడు ఒక తమిళ వారపత్రికలో ఒక నవల వస్తా ఉండె. నేను ఆ పేజీలన్నీ తీసి, మిల్లు దారంతోనే పుస్తకం మాదిరి కుట్టి పెట్టుకుంటిని. ఆ కథ మీకు చెప్పాల. ఒక మనిషి ఊరూరు తిరిగి, నున్నగా అరిగిపోయిన రుబ్బురోళ్ళకు, కారం నూరుకునే అమ్మికల్లులకు ఉలితో గంట్లు కొట్టి ఇస్తాడు. మళ్ళ ఏడాదికి అదే ఊరికి వస్తే తన ఉలి గుర్తు ఒకటీ ఉండదు. మళ్ళ కొట్టాల. "నేను బతుకంతా చేసిన పనిలో మిగిలింది ఏంది?" అని వానికి లోపల ఒక ప్రశ్న పడుతుంది. గుడి అయ్యవారిని అడుగుతాడు, ఊరి పెద్దను అడుగుతాడు, కాటిలో కట్టెలు పేర్చేవాన్ని అడుగుతాడు. తలా ఒక మాట చెప్తారు. ఏదీ వానికి సరిపోదు. ఆ కథ గురించి టీ కొట్టు దగ్గర, బస్సులో, ఆడ ఈడ అని లేదు, అందరూ వాదులాడుకుండేది. మగ్గం దగ్గర మనిషికీ అదే ప్రశ్న, మాకూ అదే ప్రశ్న కదా. మేము చుట్టిన నూలు ఏ ఊర్లో ఎవురి ఒంటి మీద చీరయిందో మాకేం తెలుసు?

అక్కకు చదువు రాదు. నేను ఇంట్లో తమిళంలో చదివేది, మర్నాడు షిఫ్టులో ఆమె ఎదురుగా నిలబడి, చేతులు వాటి పని అవి చేస్తా ఉంటే, పెదవులతో మన తెలుగులో చెప్పేది. మధ్యలో దారం తెగుతుంది. ముడేసి తల ఎత్తేలోపల ఆమె చేయి ఊపతా ఉంటుంది, తర్వాత, తర్వాత అని.

కడా భాగంలో వాడు ముసలోడయి ఒక ఇంటి ముందర నిలబడతాడు. ఆ ఇంటి అవ్వ అమ్మికల్లు బయట పెట్టి, "పోయినేడు నువ్వు కొట్టింది అరిగిపోయిందప్పా, మళ్ళ కొట్టు" అంటుంది. వాడు "అవ్వా, ఇది అరగకుండా ఉండాలంటే ఏం చేయాల?" అంటాడు. అవ్వ "నూరకుండా ఉండాల" అని, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెస్తుంది. వాడు నవ్వి, కూచోని, ఉలి తీస్తాడు. అంతే, కథ అయిపోయింది.

ఆ కథ చెప్పేదాకా అక్క తన చెవుల గురించి తలచుకొని ఏడవని దినం లేదు. అది చెప్పిన దినం ఒక కోను దించి, ఇంకోటి పెట్టి, తన చెవి మీద వేలు పెట్టుకొని పెదవులు కదిలించె: "ఇదీ అంతే కదే. నూరింది, అరిగింది." ఆ పైన ఆమె చెవుల కోసం ఏడవలేదు. ఎవురైనా పావం అన్నట్టు చూస్తే మాత్రం ఒళ్ళు మండేది.

అట్లాంటి కథను సినిమా తీస్తారని తెలిసె. మదరాసు పెద్ద కంపెనీ కాదు, మా ఊర్లోనే ఒక చిన్న కంపెనీ. చేతిలో దుడ్డు తక్కువ. మా మిల్లు కాంపౌండులో కూడా తీసినారు. నవలలో మిల్లు ఏడ ఉండాదని అడగొద్దండి, నాకూ తెలియదు. కెమెరా ఉండె, మాట పట్టే మెషిన్ మాత్రం లేదు. యాక్టర్లు ఊరికే నోరు కదిలిస్తే చాలంట, మాటలు తర్వాత స్టూడియోలో వేరేవాళ్ళ గొంతుతో పెడతారంట. మేము గేటు దగ్గర గుంపుగా నిలబడి చూస్తిమి. హీరో ఉలి పెట్టి ఒక దెబ్బ కొట్టె. రోలు ఎగిరి పక్కన పడె. అట్టతో చేసి రంగు పూసిన రోలు. అక్క నన్ను మోచేత్తో పొడిచి, "గాలి గట్టిగా వీస్తే ఈ రోలు మదురైకి పోయి దిగుతుందే" అనె.

అయినా ఆమెకు ఆశే. "అవ్వ వేషం ఎవురు వేస్తుండారో అడుగు, పో" అని నన్ను తోసె. నేను పోయి కంపెనీ మనిషిని అడిగితే, "అదంతా ఉంటుందమ్మా, ఉంటుంది, జరగండి" అనె. నేను వచ్చి ఆ మాటే అక్కకు చెప్తిని.

మిల్లులో తీసినందుకు మాకందరికీ ఆదివారం మ్యాట్నీకి టికెట్లు ఇచ్చినారు. లైన్ లైనంతా తలలో పూలు పెట్టుకొని, పొట్లంలో మురుకులు కట్టుకొని పోతిమి. మేస్త్రీ భార్యాబిడ్డలతో వచ్చి మా వెనక వరసలోనే కూచున్నాడు.

ఏం చెప్పేది! ఊరూరు తిరిగే మనిషిని తెచ్చి, జమీందారు కూతురితో డ్యూయెట్ పాడించినారు. వాన్ని కొట్టేదానికి ఒక రౌడీ. రోళ్ళకు గంట్లు కొట్టేది ఒకే ఒక్క చోట వచ్చింది, అదీ పాట మధ్యలో. ఇంటర్వెల్‌లో అక్క నా గడ్డం పట్టి తన వైపు తిప్పుకొని, "అవ్వ ఎప్పుడొస్తుంది?" అనె. "కడాకు కదా అక్కా, ఉండు" అంటిని.

కడా సీన్ వచ్చె. కొండ మీద ఇంత పొడుగు దేవుడి విగ్రహం, అదీ అట్టదే. వీడు పెద్ద శిల్పి అయిపోయినాడంట. ఎర్రటి ఎండ, నల్లటి బండ, హీరో చెప్పులు లేకుండా నిలబడి ఉండాడు. మొహం తెర నిండా. కండ్లలో నీళ్ళు. గొంతేమో ఎవురిదో గాని బంగారం లాంటి గొంతు, గుడిలో గంట మాదిరి మోగతా ఉండె: నేను పోయినా నా శిల్పం పోదు, కాలం నన్ను అరిగించలేదు, అని తమిళంలో పెద్ద పెద్ద మాటలు. కథ ఏం చెప్పిందో దానికి సరిగ్గా తలకిందులు.

థియేటర్ అంతా కండ్లు తుడుచుకుంటా ఉండె. మా వరసలో మాత్రం ఒక్కొక్కరే కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఎందుకంటే వాని పెదవులు ఆ మాటలు అనడం లేదు. మేమందరం చూసేస్తిమి. "కాల్ సుడుదయ్యా, సీక్రం ఎడుయ్యా" అంటుండాడు వాడు.

అక్కకు ఆ బంగారు గొంతు వినపడదు కదా, ఆమెకు ఉండేది ఆ పెదవులే. ఆమె లేచి నిలబడె. వినపడని వాళ్ళ గొంతు ఎంత పెద్దదో వాళ్ళకు తెలియదు. "కాలు కాలతా ఉండాదంట! శీఘ్రం తీయమంటుండాడు!" అని ఆ కొస నించి ఈ కొసకు వినపడేటట్టు అరిచె. థియేటర్ గొల్లుమనె. ఆమెకు ఆ నవ్వూ వినపడలేదు. "వానికి ఎవురైనా చెప్పులు ఇయ్యండి! అవ్వ ఏదీ? అవ్వను తీసుకురండి!"

"ఏయ్, ఉక్కారుమ్మా!" అని, కూచోమని ముందు నించి, పక్క నించి కేకలు. ఆమె నిలబడే ఉండాది. నేను చీర పట్టి లాగితేనే కూచునె. అప్పుడు నేను వెనక్కి తిరిగి చూస్తిని. మేస్త్రీ తెర చూడడం లేదు. అక్క తల వెనక తట్టు చూస్తా ఉండాడు.

సినిమా తీసినోళ్ళకు దుడ్డు లేకపోయింది, సరి. దానికి నేను ఏమీ అనను. అట్ట రోలును కూడా మన్నిస్తాను. కానీ అవ్వకు ఏం ఖర్చు? ఒక పాత చీర, ఒక చెంబు. మా వీధిలో ఏ ముసలామెను పిలిచినా కాపీ నీళ్ళు తాగి చేసిచ్చిపోయేది. అవ్వ మాట సినిమాకు చాలదని వాళ్ళు అనుకున్నారు. ఆ చిన్న మాట వాళ్ళ చెవికి చిన్నగానే వినపడింది. వాళ్ళు నన్ను అడిగినా ఈ మాటే మొహం మీద చెప్పేదాన్ని.

బస్‌స్టాపులో అక్క నా ఎదురుగా వచ్చి నిలబడె.

"అవ్వ ఏదే?"

"సినిమాలో పెట్టలేదు అక్కా. పుస్తకంలో ఉండాది."

"ఉండాదా? లేక నేను ఏడుస్తుండానని నువ్వు అల్లితివా?"

"నీ మీద ఒట్టు, ఉండాది. నేను పుస్తకం తెస్తాను."

"తే. నాకు అది చీమల బారు."

"ఎవురితోనైనా చదివించుకో."

"ఎవురితో? అందరూ నన్ను పావం అనేవాళ్ళే. నువ్వు చెప్పిందే చెప్తారు. మీరందరూ చెవిటిదానికి ఒక బొమ్మ చేసి ఇస్తిరి, అదీ అట్టదే." అని ఆమె మొహం ఆ తట్టు తిప్పుకొనె. మా డిపార్టుమెంటులో మొహం తిప్పుకోవడం అంటే, వేరేవాళ్ళు తలుపు మూసి గొళ్ళెం పెట్టినట్టు.

సోమవారం నించి ఆమె నన్ను చూడలేదు. నేను ఎదురుగానే ఉండాను, ఆమె కండ్లు కోను మీద, దారం మీద, ఇంకేడనో. అదే సోమవారం నించి మేస్త్రీ వెనక నించి రావడం మొదలుపెట్టినాడు. వచ్చి ఆమె వీపు వెనక నిలబడి పిలుస్తాడు. నేను కొంగ మాదిరి గడ్డం ఎత్తుతాను. ఆమె చూడదు. ఒకసారి పక్క మెషిన్ పిల్ల బాబిన్‌ను ఆమె కాళ్ళ మీద పడేసి తిప్పింది. ఇంకోసారి అదీ కుదరలేదు.

మేస్త్రీ తెలివి తక్కువ మనిషి కాదు. ఆయన కూడా చిన్నప్పుడు బాబిన్లు మోసి పైకి వచ్చినవాడే. నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఏమ్మా, నీ మెడకు ఏమైనా నొప్పా? ఎప్పుడు చూసినా గడ్డం ఎత్తుతుండావు" అనె.

"లేదు మేస్త్రీ."

"నాకు తెలిసిపోయిందమ్మా. థియేటర్‌లోనే తెలిసిపోయింది. రేపు ఆమె చేయి బెల్టులో పోతే నన్నే కదా అడిగేది? ఈ వారం ఆపీసుకు చెప్పేస్తాను."

తప్పు మాట కాదు అది. అక్కకు చెప్దామని ఎంత నోరు కదిలించినా ఆమె తల ఎత్తలేదు. వేరేవాళ్ళు చెప్తే మాత్రం, "తెలుసు. పోతే పోతాను" అనేసింది. నాకు చేయగలిగింది ఒకటే తోచె. కుట్టి పెట్టుకున్న ఆ పుస్తకాన్ని తెచ్చి, ఒక్క మాట చెప్పకుండా ఆమె మెషిన్ మీద పెట్టేస్తిని. ఆమె దాన్ని చూసె, తాకలేదు. సంగు ఊదినాక చూస్తే ఆడ లేదు.

మర్నాడు షిఫ్టు మధ్యలో, మెషిన్ నడస్తా ఉండగానే, అక్క నడుములో దోపుకున్న పుస్తకం తీసి, నేరుగా మేస్త్రీ టేబుల్ దగ్గరికి నడిచిపోయె. ఆమె అంతట ఆమె ఆ టేబుల్ దగ్గరికి పోయింది ఎవురూ ఎప్పుడూ చూడలేదు. మా లైనంతా చేతులు ఆపేసింది. ఆ సద్దులో ఆమె గొంతు ఎవురికీ వినపడదు, కానీ ఆమె పెదవులు మాకు కనపడేటట్టు పక్కకు తిరిగి నిలబడి ఉండాది. ప్రతి మాటా చూస్తిమి.

"మేస్త్రీ, నాకు రెండు చెవులూ వినపడవు. మీకు తెలుసు. ఇందులో కడా పేజీ చదివి చెప్పండి. మీరు నన్ను పావం అనే మనిషి కాదు, అందుకే మీ దగ్గరికి వస్తిని. ఉండేది ఉన్నట్టు చదవండి. తర్వాత ఆపీసుకు ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి."

మేస్త్రీ ఆమెను చూసె, పుస్తకం చూసె, మమ్మల్నందరినీ చూసె. పోండి, పని చూడండి అని ఆయన అనలేదు. జేబులోనించి కండ్లద్దాలు తీసి పెట్టుకొని, పేజీ తిప్పి, బడిలో పిల్లోడి మాదిరి గొణగడం మొదలుపెట్టె. అక్క టేబుల్ మీద తట్టె. "తల ఎత్తండి. నోరు తెరవండి."

ఆయన తల ఎత్తె. ఒక వరస చూసుకునేది, తల ఎత్తి నోరు పెద్దగా తెరిచి చెప్పేది, మళ్ళ పేజీలోకి చూసేది. వక్కాకు నమిలి ఎర్రబడిన ఆ నోట్లోనించి ముసలోడు వచ్చి ఇంటి ముందర నిలబడె. అమ్మికల్లు బయటకు వచ్చె. ఆయన సినిమా హీరో కన్నా బాగా చేసినాడు, ఆయనకు తెలియకుండానే. ముసలోడు అడిగేటప్పుడు ఆయన మొహం ముసలోడి మొహం అయిపోయె. అవ్వ జవాబు దగ్గర ఆయన చేయి దానంతట అదే, ఏముందప్పా ఇందులో అన్నట్టు తిరిగె. తర్వాత చెంబుతో నీళ్ళు కూడా వచ్చె. నేను చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా తగ్గలేదు, పెరగలేదు.

అక్క అన్నీ చూసె. చూసి, ఆడ నించే, అన్ని మెషిన్లూ దాటి నా వైపు తిరిగె. "ఉండాదే" అనె.

"ఉండాది అక్కా" అంటిని.

అప్పుడే చూసుకుంటిమి, ఆమె మెషిన్ మీద దారాలన్నీ తెగి వేలాడతా ఉండాయి. మేము పరిగెత్తి పోయి ముడేస్తిమి. ఆమె తిరిగి వచ్చి, మా ముడులు చూసి, "ఇవి ముడులా, ముద్దలా?" అని తిట్టి, అన్నీ విప్పి మళ్ళ వేసుకునె.

మేస్త్రీ పుస్తకం తిరిగి ఇయ్యలేదు. కడా పేజీ నించి వెనక్కి వెనక్కి తిప్పి, నా దగ్గరికి వచ్చి, "దీని మొదటి పేజీ ఏదమ్మా?" అని అడిగి, ఇంటికి తీసుకుపోయినాడు. ఆ వారం ఆపీసుకు ఆయన పోయినాడు. పోయి చెప్పింది ఒకటే, ఆ మెషిన్ బెల్టుకు శానా దగ్గర ఉండాది, ఆమెను గోడ పక్క మెషిన్‌కు మారుస్తానని. నన్ను కూడా దాని ఎదురుకు మార్చినాడు. ఆ గోడ పక్కనే అక్క తన సర్వీసు అంతా ముగించి, తనంతట తానే రిటైర్ అయింది.

సినిమా మా ఊర్లో వారం కూడా ఆడలేదు. మేము బాధపడలేదు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, మీ అత్త చేయి నొప్పి పెడతా ఉండాదంట. ఆ దినం నించి మేస్త్రీ మాలో ఎవురినీ వెనక నించి పిలవలేదు. ఏం చెప్పాలన్నా మెషిన్ చుట్టూ తిరిగి, ముందుకొచ్చి నిలబడి, నోరు ఇంత తెరిచి చెప్పేది. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి పకపక నవ్వేవాళ్ళు. ఆయన వాళ్ళను చూసి ఇంకా పెద్దగా తెరిచేది.